సంఘంలో చేరితే కేసులైతయా అన్నా?



ఇది కొంచెం పెద్ద పోస్టే. తీరిక ఉన్నప్పుడు చదవండి. చదవకుండా దండం ఎమోజీ మాత్రం పెట్టకండి.

పోయిన నెల నాగర్‌కర్నూల్‌లో ఒక హాస్టల్‌కు పోయినం. ఎప్పటి లెక్కనే పిల్లలను కూసోబెట్టి చదువు గురించి, స్కాలర్‌షిప్ గురించి, మన సంఘం గురించి చెప్పినం. ఆఖర్ల "ఎవరన్నా వాలంటీర్లుగ వస్తరా, వారానికి ఒక పూట చాలు" అని అడిగినం. ఇంటర్ సెకండియర్ తమ్ముడు ఒకడు లేచిండు. వస్తనంటడేమో అనుకున్నం. "అన్నా, సంఘంలో చేరితే కేసులైతయా? నాకు కానిస్టేబుల్ ఉద్యోగం కావాలె. మా యాడి ఫోన్ల చెప్పింది, ఏ సంఘంల తిరగొద్దని" అన్నడు. వాళ్ల యాడి, బా ఇద్దరూ పూణేల బిల్డింగ్ పనికి పోయిన్రు. ఇంటి దగ్గర తాత ఒక్కడే.

రూములో నలభై మంది ఉన్నరు. ఒక్కరూ నవ్వలేదు. అందరికీ అదే అనుమానం ఉన్నదన్నమాట, అడిగింది వాడొక్కడే.

నేనేం చెప్పిన్నో తెలుసా? "ఏం కాదు తమ్ముడూ, మనం మంచి పనులే చేస్తం కదా" అన్న. సిగ్గుపడాల్సిన జవాబు అది. మంచి పని చేసినోళ్లకు కేసులు కావని వానికి చెప్పే హక్కు నాకెక్కడిది? పేపర్ చదివే పిల్లగాడు వాడు. ఆ రోజు సంది ఆ ప్రశ్న నన్ను వదుల్తలేదు. వానికి ఇయ్యాల్సిన అసలు జవాబు ఇక్కడ రాస్తున్న.

మొదటిది, వాని భయం వట్టిది కాదు. మన పాత పాలమూరు జిల్లాలో రెండేండ్లలో ఏం జరిగిందో చూడండి. 2024 నవంబర్‌లో లగచర్ల. కొడంగల్ నియోజకవర్గంలో ఫార్మా కోసం భూసేకరణ అని అభిప్రాయ సేకరణకు పోయిన అధికారుల మీద దాడి జరిగింది. ఆ దాడిని నేను సమర్థించను, ఈ గ్రూపులో ఎవరూ సమర్థించరని నా నమ్మకం. కానీ ఆ తర్వాత రాత్రి పూట తండాలలో కరెంటు లేని చీకట్ల జరిగిన అరెస్టుల గురించి రోటిబండ తండా ఆడబిడ్డలు చెప్పింది కూడా మనం విన్నం. ఆ తల్లులు ఢిల్లీ దాక పోయి మానవ హక్కుల కమిషన్ ముందర గోడు చెప్పుకున్నరు. ఆ నెలాఖరుకే ప్రభుత్వం ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి తీసుకున్నది. డిసెంబర్‌లో జైలులో ఉన్న ఒక లంబాడ రైతును గుండె నొప్పి వస్తే బేడీలతో దవాఖానకు తీసుకపోయిన ఫొటో రాష్ట్రమంతా చూసింది.

అయినంక 2025 జూన్. ఈసారి గద్వాల. రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊరోళ్లు కొట్లాడిన్రు. గొడవైంది, కేసులైనయి, అరెస్టులైనయి. ఆ రైతులను అలంపూర్ కోర్టుకు తీసుకొచ్చింది బేడీలతోనే. రచ్చ అయినంక ఆ పని చేసిన పోలీసు సిబ్బందిని సస్పెండ్ చేసిన్రు. విచారణ ఖైదీకి మామూలుగా బేడీలు వేయొద్దని సుప్రీంకోర్టు 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులోనే చెప్పింది. 1995లో ఇంకా గట్టిగ చెప్పింది, మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా వేయడానికే లేదని. నలభై ఐదేండ్ల కిందటి తీర్పు అలంపూర్ దాక రావడానికి ఇంకా బస్సు దొరకలేదు.

ఇది చూసిన తల్లి కొడుకుకు "సంఘంల తిరగొద్దు బిడ్డా" అని చెప్పకుండ ఇంకేం చెప్తది? ఆమెను తప్పు పట్టే ముఖం నాకు లేదు.

కానీ ఒక సంగతి గమనించండి. ఈ రెండు చోట్ల కేసులైంది ఎవరి మీద? ఎక్కువ మంది ఏ సంఘంలో సభ్యత్వం లేని రైతులు. భూమి ఉన్నందుకు, ఆ ఊర్లో ఉన్నందుకు అయినయి. మరి బేడీల సంగతి బయటికి ఎట్లొచ్చింది? ఢిల్లీ దాక ఎట్ల పోయింది? బెయిల్ కాగితాలు ఎవరు రాసిన్రు? హక్కుల సంఘాలు, వకీళ్లు, విలేకరులు, ప్రొఫెసర్లు, నిజనిర్ధారణకని పోయిన చిన్న చిన్న బృందాలు. వీళ్లందరినీ కలిపే 'పౌర సమాజం' అంటరు. పేరు పెద్దగున్నది గానీ విషయం చిన్నదే. సర్కారుకు, ఒంటరి మనిషికి మధ్యన నిలబడే మనుషులు. ఆ మధ్యల మనుషులు లేకపోతే పెద్ద ధన్వాడ రైతు బేడీలతోనే పోయి బేడీలతోనే వచ్చేటోడు, మనకు తెలిసేది కూడా కాదు.

ఇంక ఉద్యోగం సంగతి. తమ్ముడూ, నువ్వు అడిగినదానికి సూటి జవాబు సుప్రీంకోర్టులోనే ఉన్నది. 2016లో అవతార్ సింగ్ కేసు. ఉద్యోగానికి వెరిఫికేషన్ ఫారంల పాత కేసు సంగతి రాయకుండా దాచిపెట్టినోళ్ల గురించి ముగ్గురు జడ్జీల బెంచి ఇచ్చిన తీర్పు అది. అందులో చిన్న వయసులో నినాదాలు ఇచ్చిన కేసు లాంటి చిన్న విషయమైతే, దాచినా సరే, క్షమించి ఉద్యోగం ఇచ్చే విచక్షణ అధికారులకు ఉన్నదని రాసిన్రు. అట్లని ఢోకా లేదనుకోవద్దు. పోలీసు ఉద్యోగంలో చూపు గట్టిగ ఉంటది, పెద్ద నేరాల సెక్షన్లు పడితే కథ వేరు. ఆ తీర్పు నుంచి మనం పట్టుకోవాల్సింది ఒకటే: కేసు ఉంటే ఫారంల ఉన్నదున్నట్టు రాయాలె. పిల్లల ఉద్యోగాలకు దెబ్బ తగిలేది చానాసార్లు కేసు వల్ల కాదు, దాచడం వల్ల. ఈ ముక్క మన హాస్టళ్లలో ఎవరన్నా చెప్పిన్రా ఇన్నేండ్లల్ల? మేమైతే చెప్పలేదు. దండలు వేసినం, జయంతులు చేసినం, ఇది మాత్రం చెప్పలేదు.

ఇంకో రెండు మాటలు కూడా కాగితం మీద రాసి పెట్టుకోండి. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలె, వకీలును కలవనియ్యాలె. ఇది రాజ్యాంగం 22వ అధికరణ. లీగల్ సర్వీసెస్ చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండ ఉచిత వకీలు వస్తడు, 15100కు ఫోన్ చేసినా దారి చెప్తరు. మన తండాల్లో కేసు కాగానే మేక అమ్మి, పుస్తె కుదువ పెట్టి వకీలు ఫీజు కడుతున్నరంటే ఆ చట్టం సంగతి మనం చేరవేయలేదనే.

ఇప్పుడు సంఘం అంటే ఏం చేయగలదో చెప్త. దీనికి నా దగ్గర ఉన్న పెద్ద సాక్ష్యం నల్లమల.

2019 మే నెల. అమ్రాబాద్ టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్లల్ల యురేనియం అన్వేషణకు కేంద్రం అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకున్నది. అణు ఖనిజాల సంస్థ అడిగింది 4,000 బోర్లు. చెంచుల అడవి అది, ఏడాది పొడుగునా తేనె, గడ్డలు, చింతపండు ఇచ్చే అడవి. కింద కృష్ణ పారుతది. మనకు నల్లగొండ పెద్దగట్టు, లంబాపూర్ తండాల కథ అప్పటికే తెలుసు, 2003ల అక్కడ యురేనియం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పటి సంది. అప్పుడు నేను డిగ్రీల ఉన్న. ఆ కమిటీ మినిట్స్ ఇంగ్లీషులో ఉన్నయి, నాకు సగం అర్థం కాలేదు. నలుగురం కూసోని డిక్షనరీ పెట్టుకొని తెలుగులకు రాసినం. ఒక్కో మాటకు కొట్లాడినం, 'సూత్రప్రాయం' అంటే ఒప్పుకున్నట్టా ఒప్పుకోనట్టా అని. జిరాక్స్ తీసుకొని ఊర్లల్ల చదివి వినిపించినం. మేం చేసింది గంతే. మాలెక్కనే ఎంతమందో, ఎక్కడెక్కడనో చేసిన్రు.

అమ్రాబాద్, పదర మండలాలల్ల బందులు జరిగినయి. ఊర్ల పొలిమేరల జనమే కాపలా ఉన్నరు, బోర్ల బండి వస్తదేమోనని. అమ్రాబాద్‌కు బయలుదేరిన ప్రొఫెసర్ కోదండరాం సారును దారిలనే, హాజీపూర్ దగ్గర పోలీసులు అదుపులోకి తీసుకున్నరు. అంతకు ఎనిమిదేండ్ల కింద తెలంగాణ జేఏసీ చైర్మన్‌గ ఇదే రాష్ట్రం కోసం ముందు నడిచిన మనిషిని, వచ్చిన రాష్ట్రంలనే అట్ల ఆపిన్రు. సినిమావాళ్లు, క్రికెట్ చూసేటోళ్లు, హైదరాబాద్ ఐటీ పిల్లలు 'సేవ్ నల్లమల' అని రాసుడు షురూ చేసింది ఆ తర్వాత. మంచిదే, వద్దనను. ఎవరి మాట ఎవరికి వినపడుతదో వాళ్లు చెప్పాలె. కాకపోతే టీవీల వాళ్లే గెలిపించినట్టు చూపిస్తే మాత్రం కొంచెం కడుపు మండింది. 2019 సెప్టెంబర్ 16 నాడు శాసనసభ ఏకగ్రీవంగా యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అప్పటి అధికార పార్టీ, ప్రతిపక్షం అందరూ.

ఒక్కటి యాది పెట్టుకోండి. ఆ నాలుగు నెలల్ల రాళ్లు వేసి గెలవలేదు. కాగితం చదివి, తర్జుమా చేసి, ఊర్ల కూసోని మాట్లాడి, గ్రామసభల తీర్మానాలు రాసి గెలిచినం. దాన్నే వాలంటీర్ పని అంటరు. పనిలో దుమ్ము ఎక్కువ, ఫొటోలు తక్కువ.

ఇక్కడ చట్టం గురించి ఒక ముచ్చట. మన మూడు జిల్లాలల్ల ఐదో షెడ్యూల్ కిందికి వచ్చేటివి పాత అచ్చంపేట తాలూకా ఊర్లు మాత్రమే. అమ్రాబాద్, మన్ననూర్, అప్పాపూర్, రాంపూర్, మల్లాపూర్, సార్లపల్లి, వటవర్లపల్లి, మాచారం, మద్దిమడుగు లాంటివి. అక్కడ 1996 పెసా చట్టం ఉంటది, గ్రామసభ మాటకు బరువుంటది. వనపర్తి, గద్వాల తండాలకు ఆ కవచం లేదు. తండా పంచాయతీ అయింది, సర్పంచ్ మనోడే అయిండు, కానీ పెసా లేదు. గందుకే పెద్ద ధన్వాడ దిక్కున్న ఊర్లకు, మన వనపర్తి తండాలకు సంఘం అవసరం ఇంకా ఎక్కువ. చట్టం ఇయ్యని గొడుగును మనుషులే పట్టుకోవాలె.

ఇంతకీ ఈ సభలు, సంఘాలు అంటే సర్కార్లకు భయం కొత్తది కాదు. నిజాం కాలంలో 'గస్తీ నిషాన్ 53' అని ఒక ఫర్మానా ఉండేది. ముందుగ అనుమతి లేకుండ సభ పెట్టొద్దు. గ్రంథాలయం వార్షికోత్సవం చేసుకోవాలన్నా అధికారుల చుట్టూ తిరుగుడే. దాన్ని 'గోలకొండ పత్రిక'ల ఎండగట్టిన సురవరం ప్రతాపరెడ్డి ఎక్కడోడు? ఇప్పటి గద్వాల జిల్లా ఇటిక్యాలపాడులో పుట్టినోడు, 1952లో వనపర్తి నుంచి అసెంబ్లీకి గెలిచినోడు. రెడ్ల హాస్టల్ నడిపిన మనిషి, మనోడు కాదు అని మన గ్రూపుల ఒక అన్న అన్నడు ఒకసారి. నిజమే, ఆయన రాసిన చరిత్రల మన తండాలు, పెంటలు ఎంతున్నయో ఎవరైనా లెక్కపెట్టి చెప్పొచ్చు. కానీ హాస్టలు, లైబ్రరీ, పత్రిక ఈ మూడింటితో ఒక తరాన్ని తయారు చేయొచ్చని ఈ గడ్డ మీదనే రుజువైంది. మనకు ఇప్పుడు హాస్టళ్లు ఉన్నయి, ఫోన్ల పత్రిక ఉన్నది. లైబ్రరీలే లేవు.

ఇవాళ్టి గస్తీ నిషాన్లకు పేర్లు వేరే. 2020 సెప్టెంబర్‌ల విదేశీ విరాళాల చట్టం మార్చిన్రు. మనకేం సంబంధం, మన తండా యువజన సంఘానికి అమెరికా డాలర్లు వస్తున్నయా అనుకుంటరు. నేనూ అట్లనే అనుకున్న. ఆ మార్పుల ఒకటేందంటే, విదేశీ నిధి తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇయ్యొద్దు. అంటే హైదరాబాద్‌ల ఉన్న పెద్ద సంస్థ ఆ పైసలతోని అమ్రాబాద్‌ల చిన్న సంఘానికి పది నెలలు రాత్రి బడి నడపమని ఇయ్యడానికి లేదు. ఆఫీసు ఖర్చులు 50 శాతం దాక ఉండేటివి 20 శాతానికి తెచ్చిన్రు. దొంగ ఎన్జీవోలను పట్టాలె, నేను కాదనను. మన జిల్లాలల్లనే బోర్డు ఒక తాన, బిల్లు ఒక తాన, పిల్లలు ఏ తానా లేని సంస్థలను చూసినోళ్లం. కానీ దొంగను పట్టడానికి ఊరి బాయి పూడుస్తరా?

ఉపా సంగతి ఇంకా తెలిసిందే. పాలమూరు వలసల మీద, నీళ్ల మీద జీవితమంతా మాట్లాడిన ప్రొఫెసర్ హరగోపాల్ సారు పేరు ములుగు జిల్లా తాడ్వాయి పోలీస్ స్టేషన్ల 2022 ఆగస్టు ఎఫ్ఐఆర్‌ల ఉన్నట్టు 2023 జూన్‌ల గానీ బయటపడలేదు. 152 మంది పేర్లు ఉన్నయి దాంట్ల. రచ్చ అయినంక ముఖ్యమంత్రే వెనక్కి తీసుకోమన్నడు. సారుకు పేరున్నది కాబట్టి రచ్చ అయింది. పేరు లేనోడికి ఎవరు రచ్చ చేస్తరు? దానికే సంఘం.

బయటి సంగతి అయింది. ఇప్పుడు మన ఇంటి సంగతి మాట్లాడుకుందాం. కొందరికి కోపం వస్తది, రానీయండి.

మన గిరిజన విద్యార్థి సంఘాలు మూడు జిల్లాలల్ల కలిపి ఎన్నున్నయో నాకు లెక్క తప్పింది. ఇరవై ఒక్కేండ్ల పిల్లగాడు 'రాష్ట్ర అధ్యక్షుడు'. లెటర్‌హెడ్ మీద పదిహేను పేర్లు, మీటింగ్‌కు వచ్చేది నలుగురు. సేవాలాల్ జయంతికి ఫ్లెక్సీ పెట్టినం అంటే ఏడాది పని అయిపోయినట్టు. ఫ్లెక్సీలో మహరాజ్ ఫొటో కంటె స్థానిక నాయకుని ఫొటో పెద్దగ ఉంటది. వినతిపత్రం ఇచ్చుడు, ఫొటో దిగుడు, పేపర్ కటింగ్ గ్రూపుల పెట్టుడు. ఆ వినతిపత్రం ఏమైందని తిరిగి అడిగినోడు ఉన్నడా? కొందరైతే ప్రైవేటు కాలేజీల మీద ధర్నా అని పోయి, కవరుతో తిరిగొస్తరు. అందరూ అట్ల అంటలేను. కానీ ఒక్కడు అట్ల చేస్తే, నిజంగ ప్రశ్న అడగపోయిన పది మంది మీద 'వసూలు బ్యాచ్' అని ముద్ర పడుతది. మనల్ని అణగదొక్కనీకి ఇంకో చట్టం అక్కర లేదు, ఇదే చాలు.

రెండోది ఇంకా కష్టంగ ఉన్నది రాయడానికి. మన మూడు జిల్లాలల్ల గిరిజనుల సభ అంటే లంబాడోళ్ల సభ. నేను లంబాడ బిడ్డనే, గందుకే నేనే చెప్పాలె. స్టేజీ మీద మనం, మైకు మనది, భాష మనది. చెంచు పిల్లలు ఆఖరి వరుసల కూసుంటరు, మన్ననూర్ బస్సు పోతదని మధ్యలనే లేస్తరు. నల్లమల కోసం కొట్లాడినం అని మనం చెప్పుకుంటం, అక్కడ ఉండేటోళ్లు ఎవరు? 2024 జూన్‌ల కొల్లాపూర్ దిక్కున ఒక చెంచు మహిళను రోజుల తరబడి బంధించి చిత్రహింసలు పెట్టిన్రు. అది బయటపడినంక మంత్రులు వచ్చిన్రు, మనం కూడా పోయి ఫొటోలు దిగినం. ఆ రోజుల ముందల మన సంఘపోళ్లు ఎవరన్నా ఆ గూడేలకు వారానికొక్కసారన్నా పోయేటోళ్లుంటే? ఏమో, ఏం మారేదో చెప్పలేను. కానీ పోయేటోళ్లు లేరన్నది మాత్రం చెప్పగలను.

ఆడపిల్లల సంగతి. హాస్టళ్లల్ల సగం మంది వాళ్లే. కమిటీలల్ల 'మహిళా విభాగం' అని ఒక పేరు, ఆ పేరు కూడా చానా సార్లు పిల్లను అడగకుండనే రాస్తరు. మీటింగులు సాయంత్రం ఆరు తర్వాత, టౌన్ల ఎవరి రూంలనో పెడితే ఏ పిల్ల వస్తది? వచ్చిన పిల్ల గురించి గ్రూపుల ఏం రాస్తరో మనకు తెల్వదా?

ఇంక వాలంటీర్లు రావట్లేరు అని ఏడుస్తం. రావాలంటే ఏం కావాలె? తండా పిల్లగానికి ఆదివారం సెలవు కాదు, కూలి దినం. గద్వాల దిక్కున సీడ్ పత్తిల క్రాసింగ్ పనులు నడిచే నెలలల్ల పొద్దుగాల పూలు కలిపే పనికి, సాయంత్రం మొగ్గలు ఒలిచే పనికి బడి పిల్లలే పోతరు. చిన్న చేతులు, చేను ఎత్తు, అడ్వాన్సు ముందుగాలనే తీసుకొని ఉంటరు. ఆ పిల్లను పట్టుకొని "సేవ చెయ్యి బిడ్డా" అంటే ఎట్ల? సేవ చేసే తీరిక కడుపు నిండినోళ్లకే ఉంటది అన్నట్టయితది.

అందుకే నా మాట ఏందంటే, వాలంటీర్‌కు జీతం ఇయ్యకపోయినా బస్సు కిరాయి, ఒక పూట అన్నం సంఘమే పెట్టుకోవాలె. దానికి ఉద్యోగాలు వచ్చిన అన్నలు, అక్కలు చందా ఇయ్యాలె. ఈ గ్రూపుల టీచర్లున్నరు, కానిస్టేబుళ్లున్నరు, బ్యాంకులోళ్లున్నరు, ఇద్దరు డాక్టర్లున్నరు. ఎవరికి వాళ్లు 'మా తండా నుంచి మొదటి ఉద్యోగి' అని పోస్టు పెట్టినోళ్లే. నెలకు వంద రూపాయలు మీకు ఎక్కువ కాదు. ఫ్లెక్సీ ఒకటి తగ్గించినా వస్తయి.

పని ఏం చెయ్యాలె అని అడుగుతరు. ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు రంగారెడ్డి జిల్లాల 1980లు, 90లల్ల బాల కార్మికులను బడికి తెచ్చిన తీరు చూడండి. శాంతా సిన్హా మేడంకు 2003ల మెగసెసే వచ్చింది ఆ పనికే. వాళ్లది ఒక్కటే మాట: బడి బయట ఉన్న ప్రతి పిల్లా కార్మికురాలే. ఆ మాటను ఇల్లిల్లూ మోసింది ఎవరు? అదే ఊరి యువకులు, ఆడపిల్లలు. పెద్ద డిగ్రీలు లేనోళ్లు. ఊర్ల ఎవరి బిడ్డ ఎక్కడ పనిల ఉన్నదో తెలిసినోళ్లు. గద్వాల సీడ్ పత్తి చేన్లల్ల ఆ లెక్క మనం రాయలేమా? పేరు, తరగతి, ఎన్ని రోజులు బడి తప్పింది. గొడవ వద్దు, ధర్నా వద్దు, ముందు లెక్క రాయండి.

మా దగ్గర ఒక చిన్న పని అయింది, చెప్త. ఒక హాస్టల్‌ల గుడ్డు వారానికి ఎన్నిసార్లు పెట్టాలె, ఎన్నిసార్లు పెడుతున్నరు అని ఇద్దరు పిల్లలు సమాచార హక్కు కింద అడిగిన్రు. పది రూపాయల ఖర్చు. పంచాయతీల అడిగితే అది కూడా లేదు, మండలంల ఐదు రూపాయలు. ముప్పై రోజుల గడువు. పదిహేనో రోజుకే గుడ్లు వచ్చినయి, జవాబు రాలేదు. దానితోపాటు ఇంకోటి జరిగింది. ఆ ఇద్దరి ఇండ్లకు ఫోన్లు పోయినయి, "మీ పిల్లగాడు చదువుతలేడు, సంఘాలల్ల తిరుగుతున్నడు" అని. ఒక పిల్లగాని తండ్రి బొంబాయి నుంచి రాత్రికి రాత్రి బస్సెక్కి వచ్చిండు. మేం పోయి ఆయనతోని మాట్లాడినం. కొడుకు రాసిన దరఖాస్తు చదివి వినిపించినం. ఆయనకు చదువు రాదు. రెండుసార్లు చదివించుకున్నడు. "గుడ్డు కోసమా ఇదంతా" అన్నడు. జర సేపు ఆగి, "నా కాలంల మేస్త్రీని కూలి లెక్క అడిగితే కట్టేసి కొట్టిండు" అన్నడు. కొడుకును ఏమనలేదు. పొద్దున బస్సుకు పోయిండు.

పాలమూరు లేబర్ అని దేశమంతా డ్యాములు కట్టిన పేరు మనది. అడిగితే కొట్టే మేస్త్రీ నుంచి, అడిగితే ఇంటికి ఫోన్ చేసే హాస్టల్ దాక వచ్చినం. ముందుకు వచ్చినట్టే అనుకుంట, కానీ ఆ ఫోన్ కూడా ఆగాలె. సమాచారం అడిగిన విద్యార్థి ఇంటికి ఫోన్ చేసి బెదిరించొద్దని ఒక సర్క్యులర్ అడుగుదాం. ఐటీడీఏ మన్ననూర్‌ల అడుగుదాం, మూడు కలెక్టరేట్లల్ల అడుగుదాం. 2016 అక్టోబర్‌ల జిల్లాలు అయినయి గానీ మన సంఘాలు ఇంకా మహబూబ్‌నగర్ బస్టాండ్ చుట్టే తిరుగుతున్నయి. కలెక్టర్ దగ్గరికి వచ్చిండు, మనం దగ్గరికి పోలేదు.

కాలేజీలల్ల ఎన్‌ఎస్‌ఎస్ ఉన్నది, రెండేండ్లల్ల 240 గంటలు, ఏడు రోజుల క్యాంపు. మన కాలేజీలల్ల అది గడ్డి పీకుడు, ర్యాలీ, సర్టిఫికెట్. ఆ ఏడు రోజుల క్యాంపు ఒక పెంటల పెట్టి, జనమన్ పథకం కింద ఎవరికి ఇల్లు వచ్చింది, ఎవరికి ఆధార్ లేక ఆగింది, అటవీ హక్కుల దరఖాస్తు ఎక్కడ పడి ఉన్నది రాసుకొస్తే? ప్రోగ్రాం ఆఫీసర్ సార్లు మనల్ని తిట్టరు, అడిగి చూడండి. నాకు తెలిసిన ఒక సార్ అయితే "ఇన్నేండ్లల్ల ఎవరూ అడగలేదు" అన్నడు.

సంఘాన్ని కాపాడుకోవాలంటే కాగితాలు సరిగ్గ ఉండాలె. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు చాలు రిజిస్ట్రేషన్‌కు. ఆ ఏడుగురిల ముగ్గురు ఆడపిల్లలు, ఇద్దరు చెంచు పిల్లలు లేకపోతే నేనైతే సంతకం పెట్టను, ముందే చెప్తున్న. మీటింగ్ పెడితే మినిట్స్ రాయాలె. చందా తీసుకుంటే రసీదు, నెల నెలా లెక్క ఇదే గ్రూపుల. ఏ పార్టీల పదవి తీసుకున్నా సంఘం పదవి వదలాలె. అధ్యక్షుడు రెండేండ్లే, మళ్ల అదే మనిషి వద్దు. రేపు ఎవరన్నా స్టేషన్‌కు పిలిచి "మీరెవరు, మీకు పైసలు ఎక్కడియి" అంటే రిజిస్టర్ తీసి బల్ల మీద పెట్టేటట్టు ఉండాలె. పోయినేడు మా వాళ్లను ఒక స్టేషన్‌కు పిలిచి అదే అడిగిన్రు. మా దగ్గర రిజిస్టర్ లేదు. మూడు గంటలు కూసోబెట్టిన్రు. తప్పు వాళ్లదా, మాదా అని ఇప్పటికీ మాల మేమే కొట్లాడుకుంటున్నం. పిలిచే హక్కు వాళ్లకు లేదని నేనంట, రిజిస్టర్ లేనోనికి ఆ మాట అనే మొఖం లేదని మా కోశాధికారి అంటది. ఆమె మాటనే కరెక్టేమో.

ఆ ఇంటర్ తమ్మునికి పోయిన గురువారం ఫోన్ చేసిన. పైన రాసిందంతా చెప్పిన, అవతార్ సింగ్ తీర్పు సంగతి రెండుసార్లు అడిగి రాసుకున్నడు. కేసు కాదని మాట ఇయ్యలేదు. కేసైతే ఎవరు వస్తరో, ఏ నంబర్‌కు ఫోన్ చెయ్యాలో చెప్పిన. జర సేపు ఏమనలేదు. వాళ్ల యాడితోని మాట్లాడమన్నడు. మాట్లాడిన. గోర్ బోలిల పావుగంట తిట్టింది, ఆఖర్ల "రాత్రి పూట తిప్పొద్దు, పరీక్షలప్పుడు పిలవొద్దు" అన్నది.

ఈ ఆదివారం పొద్దున పదింటికి అచ్చంపేటల కూసుంటున్నం, రిజిస్ట్రేషన్ కాగితాలు రాయనీకి. వాడు వస్తనన్నడు, నాలుగింటి బస్సుకు పోవాలన్నడు. వనపర్తి నుంచి, గద్వాల నుంచి వచ్చేటోళ్లు ముందుగ చెప్పండి, బస్సు కిరాయికి పైసలు జమ చేసినం. లీగల్ సెల్ కోసం మూడు జిల్లాలల్ల మన వకీళ్లు ఎవరన్నా ఉంటే పేర్లు చెప్పండి. సర్టిఫికెట్ల పని తెలిసిన అక్కలు ఎవరన్నా ఉంటే ఇంకా మంచిది.